వేళ్లు నేర్చుకున్న తప్పు

హార్మోనియం మెట్టును మెల్లగా నొక్కినా, బలంగా నొక్కినా వచ్చే నాదం ఒక్కటే. శబ్దం పెరగాలంటే ఎడమచేత్తో తిత్తిని ఇంకాస్త జోరుగా ఆడించాలి. పియానోకు తిత్తి లేదు. మీట ఎంత వేగంగా దిగితే లోపల సుత్తి అంత వేగంగా వెళ్లి తీగను తాకుతుంది. స్వరం గట్టిగా పలకాలా, మెత్తగా పలకాలా అన్నది ఆ వేగమే తేలుస్తుంది. చూడడానికి తెలుపు నలుపు మీటల వరుస రెండింటికీ ఒకేలా ఉంటుంది గానీ, చేతికి అవి వేరువేరు వాయిద్యాలు.

మన దగ్గర కీబోర్డు సొంతంగా నేర్చుకున్నవాళ్లలో చాలామంది వేళ్లలో ఇంకా హార్మోనియమే ఉంటుంది. భజన మందిరంలోనో, చర్చిలోనో, పద్యనాటకాల బృందంలోనో చూసి పట్టుకున్న విద్య అది. పాట భారమంతా కుడిచేతిది. అందులోనూ చూపుడువేలు, నడిమివేలే ఎక్కువ పని చేస్తాయి. బొటనవేలు మీటల అంచు కింద వేలాడుతుంటుంది. ఎడమచేతికి తిత్తి పని లేదు కాబట్టి ఏదో ఒక శ్రుతి స్వరాన్ని అదిమి పట్టుకుని కూర్చుంటుంది, లేదా కీబోర్డులోని రిథమ్ బటనుకు బాధ్యత అప్పగించి ఊరుకుంటుంది. గాయకుడు శ్రుతి మార్చమంటే ట్రాన్స్‌పోజ్ బటను ఉండనే ఉంది, చెయ్యి మాత్రం సి మేజర్ తెల్ల మీటలు దాటి రాదు. ఈ తరం పిల్లలు యూట్యూబ్‌లో పైనుంచి రంగు గడులు జారిపడే వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. ఏ మీట ఎప్పుడు నొక్కాలో ఆ గడి చెబుతుంది. ఏ వేలితో నొక్కాలో చెప్పదు.

ఇలా నేర్చుకున్నవాళ్ల చెవి చాలా గొప్పది. ఒకసారి విన్న పాటను పల్లవి నుంచి చరణం దాకా వాయించేస్తారు. సంగీత కళాశాలలో ఏళ్లు గడిపినవాళ్లకు కూడా అందరికీ ఆ శక్తి ఉండదు. అయినా ఒక దశలో వాళ్ల వాయింపు ఆగిపోతుంది. నెమ్మది పాట బాగుంటుంది, దాని వేగం పెంచితే ఎప్పుడూ ఒకేచోట తడబాటు వస్తుంది. భుజం బిగుస్తుంది, మణికట్టు లాగుతుంది. రోజూ గంటసేపు కూర్చున్నా ఆ తడబాటు పోదు, పైగా ముదురుతుంది. ఇది ప్రతిభ లేకపోవడం కాదు. మెదడు తన పని తాను ఎంతో శ్రద్ధగా చేసిన ఫలితం.

1948లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ఒక ప్రయోగం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఆకలిగా ఉన్న పావురాలకు నిర్ణీత వ్యవధిలో గింజలు అందేలా ఏర్పాటు చేశాడాయన. పక్షి ఏం చేసినా, చేయకపోయినా గింజలు వస్తాయి. కొంతసేపటికి ఒక పావురం పంజరంలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, ఇంకొకటి తలను ఒక మూలకు పదేపదే విసరసాగింది. గింజలు రాలే క్షణంలో ఏ పక్షి ఏం చేస్తూ ఉందో ఆ చేష్టే స్థిరపడిపోయింది. గింజకూ ఆ తిరుగుడుకూ సంబంధం లేదు, పావురానికి మాత్రం ఉన్నట్టే తోచింది.

సొంతంగా వాయించేవారికి గింజ ఏమిటంటే, పాట సరిగ్గా పలకడం. రాగం కుదిరిన క్షణంలో కలిగే ఆ సంతోషం చిన్నది కాదు. ఆ క్షణంలో భుజం పైకి లేచి ఉంటే ఆ లేవడమూ, ఉంగరపువేలు పడాల్సిన చోట చూపుడువేలు పడి ఉంటే ఆ పడటమూ స్వరంతోబాటే మెదడులో నమోదవుతాయి. గురువు పక్కనుంటే స్వరం సరైనదైనా 'వేలు తప్పు' అని ఆపుతాడు, ఆ బహుమానం అందదు. గురువు లేనప్పుడు తీర్పు చెప్పేది చెవి ఒక్కటే, చెవికి వేళ్లు కనిపించవు. నా ఉద్దేశంలో సొంతంగా నేర్చుకున్నవాళ్ల అసలు ఇబ్బంది ఇదే. తప్పు చేయడం వల్ల తప్పు స్థిరపడలేదు. పాట ఒప్పుగా రావడం వల్ల స్థిరపడింది.

అలా స్థిరపడినది ఎక్కడ ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికింది హెన్రీ మొలెయిసన్ అనే రోగి వల్ల. 1953లో మూర్ఛవ్యాధి తగ్గించడానికి ఆయన మెదడులో రెండువైపులా హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని చాలావరకు తొలగించారు. ఆ తరువాత ఆయనకు కొత్త జ్ఞాపకాలు నిలవలేదు. కెనడా శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. అద్దంలో ఎడమ కుడి, ముందు వెనక తారుమారవుతాయి కాబట్టి అది ఎవరికైనా కష్టమే. మూడు రోజుల్లో ఆయన చెయ్యి చక్కగా కుదిరింది. కానీ ప్రతిరోజూ ఆయన దృష్టిలో అది మొదటిసారే, అంతకుముందు గీసినట్టు గుర్తే లేదు. విషయాలను గుర్తుపెట్టుకునే చోటు ఒకటి, చేతిపనిని దాచుకునే చోటు మరొకటి అని అప్పుడు తేలింది. చేతిపనికి ఆధారం మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా, వెనకనున్న చిన్నమెదడు, శరీర కదలికలను నడిపించే పైపొర. అందుకే 'బొటనవేలు వాడాలి' అని తెలుసుకోవడం వేరు, బొటనవేలు వాడటం వేరు. మొదటిది ఒక్క వాక్యంలో పూర్తవుతుంది, రెండోదానికి ఆ వాక్యం అందదు.

ఇంతకన్నా నిరుత్సాహపరిచే సంగతి ఒకటి ఎలుకల దగ్గర బయటపడింది. అమెరికాలోని ఎంఐటీలో ఆన్ గ్రేబియల్ బృందం 2012లో చేసిన ప్రయోగం అది. ఎలుకలకు టి ఆకారపు దారిలో ఒక ధ్వని వినగానే ఒకవైపు పరుగెత్తడం అలవాటు చేశారు. మెదడు ముందుభాగంలోని ఒక చిన్న ప్రాంతాన్ని కాంతితో క్షణకాలం ఆపగానే ఆ అలవాటు పోయింది. తరువాత ఎలుకలు రెండోవైపు పరుగెత్తడం కొత్త అలవాటుగా చేసుకున్నాయి. మళ్లీ అదే ప్రాంతాన్ని ఆపి చూశారు. కొత్త అలవాటు పోయింది, పాతది చెక్కుచెదరకుండా వెంటనే తిరిగొచ్చింది. అంటే అది ఎన్నడూ చెరిగిపోలేదు. కొత్తదాని కింద కాచుకుని ఉంది.

కాబట్టి 'పాత అలవాటును మానుకోవడం' అనే మాటను పట్టుకుని కూర్చుంటే దారి దొరకదు. మెదడులో తుడిచేసే వీలు లేదు. దాని పక్కన ఇంకొకటి కట్టాలి, పాతదాన్ని పిలిచే సంకేతాలు తక్కువగా ఉన్నచోట కట్టాలి. పాత పాట, పాత స్కేలు, పాత వేగం, కూర్చునే పాత భంగిమ, ఇవన్నీ ఆ సంకేతాలే. పదేళ్లుగా వాయిస్తున్న పాటనే తీసుకుని అందులో వేళ్లు మార్చాలని కూర్చోవడం అన్నిటికంటే కష్టమైన చోట పని మొదలుపెట్టడం.

బొటనవేలి ఉదాహరణ దగ్గరగా చూద్దాం. చేతికి వేళ్లు ఐదు, స నుంచి పై స దాకా స్వరాలు ఎనిమిది. సొంతంగా నేర్చుకున్న చెయ్యి స రి గ మ దాకా నాలుగు వేళ్లతో వెళ్లి, అక్కడ చెయ్యి మొత్తం గాల్లోకి లేచి ప మీదికి దూకుతుంది. ఆ దూకుడులోనే మ కూ ప కూ మధ్య సన్నని సందు వస్తుంది. దాన్ని కప్పడానికి కాలు పెడల్ మీద పడుతుంది, పెడల్ వల్ల స్వరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసి బురదలా అవుతాయి. ఒక్క వేలు లేని లోటుకు మూడు తప్పులు. పద్ధతి ప్రకారమైతే స రి గ లకు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. నడిమివేలు గ మీద ఉండగానే బొటనవేలు అరచేతి కిందుగా జారి మ మీదికి చేరుతుంది. అక్కణ్ణుంచి ప ద ని స లకు మిగతా నాలుగు వేళ్లూ వరసగా సరిపోతాయి. చెయ్యి ఎక్కడా ఎగరదు.

ఈ మెళకువ యూరపులో కూడా ఒకప్పుడు కొత్తదే. స్వరకర్త పెద్ద బాక్ కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాక్ 1753లో బెర్లిన్‌లో అచ్చువేసిన వాద్యగ్రంథంలో ఒక సంగతి రాశాడు. తన తండ్రి చిన్నతనంలో విన్న గొప్ప విద్వాంసులు దూరపు మీటలు అందుకోవాల్సి వస్తే తప్ప బొటనవేలు వాడేవారు కారట. సంగీతం మారి, నల్ల మీటలు ఎక్కువగా అవసరమైన కొత్త స్కేళ్లు వచ్చాక తండ్రి బొటనవేలికి కొత్త ఉద్యోగం ఇచ్చాడు. అంటే ఒక తరం మొత్తం చేతి అలవాటు మార్చుకోవాల్సి వచ్చింది. వాళ్లందరూ గురువులు ఉన్నవాళ్లే.

కొత్త అలవాటును పాతదానికి దూరంగా కట్టడానికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉపాయం పియానో విద్వాంసుడు షోపాన్‌ది. మన గురువులే కాదు, చాలామంది పాశ్చాత్య గురువులూ సి మేజర్‌తో మొదలుపెడతారు, తెల్ల మీటలే కదా సులువని. షోపాన్ తన శిష్యులకు ముందు బి మేజర్ నేర్పేవాడు. అందులో ఐదు నల్ల మీటలూ వస్తాయి, తెల్లవి స, మ రెండే. కుడిచేతి వేళ్ల వరస సి మేజర్‌దే. బొటనవేలు పడేది సరిగ్గా స, మ ల మీదే. పొడుగు వేళ్లు ఎత్తుగా ఉన్న నల్ల మీటల మీద ఉంటాయి కాబట్టి వాటి కింద బొటనవేలు జారడానికి సహజంగానే చోటు దొరుకుతుంది. నోటేషన్‌లో చూస్తే భయపెట్టే స్కేలు చేతికి అన్నిటికంటే హాయిగా ఉంటుంది. సొంతంగా నేర్చుకున్నవారికి దీనివల్ల ఇంకో లాభం ఉంది. ట్రాన్స్‌పోజ్ బటను పుణ్యమా అని బి మేజర్‌లో వాళ్ల చెయ్యి ఎన్నడూ ఆడలేదు. అక్కడ పాత అలవాటు లేదు. కొన్ని వారాలు శంకరాభరణాన్ని ఆ మీటల మీదే నడిపించి, చెయ్యి కుదిరాక సి మేజర్‌కు రావాలి. ఆ రోజుల్లో ట్రాన్స్‌పోజ్ బటను ముట్టుకోకపోవడం మంచిది.

భుజం బిగుసుకుపోవడం, మీటను అదిమి పట్టుకోవడం, ఈ జబ్బుకు మందు మాత్రం వాయిద్యం లోపలే ఉంది. గ్రాండ్ పియానో మీట పూర్తిగా దిగే లోతు సుమారు 10 మిల్లీమీటర్లు. దాన్ని దించడానికి 50 గ్రాముల చుట్టుపక్కల బరువు చాలు. మీట అడుగుకు చేరడానికి కాస్త ముందే లోపలి యంత్రాంగం సుత్తిని వదిలేస్తుంది. 1700 ప్రాంతంలో ఫ్లారెన్సులో పియానోకు రూపమిచ్చిన బార్తోలొమేయో క్రిస్టొఫొరి చేసిన గొప్ప పని ఇదే. సుత్తి తీగకు అంటుకుని ఉంటే తీగ మోగదు. అందుకే చివరి కొద్ది దూరం అది ఏ పట్టూ లేకుండా ఎగిరి, తాకి, వెనక్కి రావాలి. అలా ఎగిరిన సుత్తిని మీట మీద ఎంత బలం పెట్టీ మార్చలేం. మీట అడుగున వేలు అదుముతున్న ప్రతి క్షణం ముంజేతి కండరాలకు వృథా కూలి. స్వరం నిలబడటానికి మీట పైకి రాకుండా వేలు ఊరికే ఆని ఉంటే చాలు. ఇది ఒకసారి అర్థమైతే, స్వరం పలికిన వెంటనే చేతిని వదులు చేయడం ఒక సలహాలా కాక సహజమైన పనిలా తోస్తుంది.

ఉంగరపువేలి సంగతీ ఇలాంటిదే. వేళ్లను కదిలించే పెద్ద కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కణ్ణుంచి స్నాయువులు వేళ్లదాకా వస్తాయి. అరచేతిని బల్లమీద ఆనించి, నడిమివేలిని లోపలికి మడిచి, ఉంగరపువేలు ఒక్కదాన్నే పైకెత్తడానికి చూడండి. దాదాపు లేవదు. చేతి వీపున దాని స్నాయువు పక్కవాటితో ముడిపడి ఉంది. కాబట్టి ఆ వేలు బలహీనమని తిట్టుకుని, దాన్ని ఒంటరిగా ఎత్తెత్తి కొట్టడం వల్ల నొప్పి తప్ప ఒరిగేది లేదు. మణికట్టు ఆ వేలి వైపుకు కొద్దిగా వాలితే, చేతి బరువే దానికి సాయమవుతుంది. వేలికి బలం తెప్పించాలని యంత్రం వాడిన రాబర్ట్ షూమాన్ 1830ల మొదట్లోనే కుడిచెయ్యి చెడి కచేరీల ఆశ వదులుకున్నాడు. అసలు కారణం యంత్రమేనా, నరాల జబ్బా అన్నది వైద్యులు ఇప్పటికీ చర్చిస్తున్నారు. తిమ్మిరి, నొప్పి, వేలు తనంతట తాను ముడుచుకోవడం లాంటివి ఉంటే మాత్రం అది సాధనతో తీరే విషయం కాదు, డాక్టరుకు చూపించాలి.

ఇక సాధన ఎలా చేయాలి అన్నదానికి, టెక్సస్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డ్యూక్, అతని సహచరులు 2009లో ప్రచురించిన అధ్యయనం కన్నా మంచి సమాధానం నేను చూడలేదు. పియానో ప్రధాన విషయంగా చదువుతున్న 17 మందికి స్వరకర్త షొస్టకోవిచ్ కచేరీ రచన నుంచి మూడే తాళపు గదుల ముక్క ఇచ్చి, ఎవరికి తోచినంతసేపు వాళ్లను సాధన చేసుకోమన్నారు. మర్నాడు వాయించి చూపమన్నారు. ఎవరు ఎక్కువసేపు కూర్చున్నారు, ఎన్నిసార్లు వాయించారు అన్నదానికీ, మర్నాడు ఎంత బాగా వాయించారు అన్నదానికీ పొంతన కనబడలేదు. మేటిగా నిలిచిన ముగ్గురూ మొదట్లో మిగతావాళ్లలాగే తప్పులు చేశారు. తప్పు దొర్లిన వెంటనే వాళ్లు అది ఎక్కడ, ఎందుకు వచ్చిందో పట్టుకున్నారు, అక్కడ వేగం తగ్గించారు, ఆ చోటు కుదుటపడేదాకా వదల్లేదు. ముఖ్యంగా, తప్పు వాయించిన సార్లు వాళ్ల సాధనలో తక్కువ.

మన వాళ్ల సాధన దీనికి సరిగ్గా వ్యతిరేకంగా సాగుతుంది. తప్పు రాగానే 'మళ్లీ మొదటి నుంచి' అని పల్లవి ఎత్తుకుంటారు. పల్లవి ఎప్పుడూ బాగానే వస్తుంది. తప్పున్న చోటికి అదే వేగంతో, అదే వేళ్లతో వచ్చి మళ్లీ అక్కడే పడతారు. ఇలా వందసార్లు చేస్తే ఆ చోట ఆగి వెనక్కి పోవడం కూడా పాటలో భాగమైపోతుంది. ఆ చోటికి ముందు రెండు స్వరాలు, తరువాత రెండు స్వరాలు, అంతే తీసుకోవాలి. తప్పు రానంత నెమ్మదిగా వాయించాలి. పియానిస్టు రష్మానినోవ్ ఇంట్లో షోపాన్ ఎట్యూడ్ (అభ్యాస రచన) సాధన చేస్తుంటే, తలుపు దగ్గర నిలబడి విన్న తోటి పియానిస్టు ఏబ్రం చేసిన్స్‌కు అది ఏ రచనో కొంతసేపటిదాకా తెలియలేదట, అంత నెమ్మదిగా సాగిందది.

నెమ్మదిగా వాయించడంలో ఒక శాస్త్రీయమైన సౌకర్యం ఉంది. జర్మనీలో 2009లో పియానిస్టుల తలకు ఎలక్ట్రోడ్లు అమర్చి గమనించినప్పుడు, తప్పు మీట నొక్కడానికి సుమారు 70 మిల్లీసెకన్ల ముందే మెదడులో హెచ్చరిక సంకేతం కనిపించింది. ఆ తప్పు స్వరాలు మిగతావాటికన్నా కాస్త మెత్తగా కూడా పలికాయి. మెదడు తప్పును ముందే పసిగట్టి ఆపబోతోంది, సమయం చాలడం లేదు. వేగం తగ్గిస్తే ఆ హెచ్చరికకు చేతిని ఆపే వ్యవధి దొరుకుతుంది.

చెవి ఒక్కదాని మీద ఆధారపడకుండా ఉండటానికి కన్ను కావాలి. ఫ్రాన్సులో ఫ్రాంస్వా కూపరాన్ 1716లో రాసిన పుస్తకంలో, వాయించేటప్పుడు ముఖం వికారంగా పెట్టే అలవాటు ఉన్నవాళ్లను వాద్యం మీద అద్దం పెట్టుకోమన్నాడు. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తుంది. చేతుల పక్కగా, మీటల ఎత్తులో ఫోను నిలబెట్టి ఒక్క నిమిషం వీడియో తీసుకుంటే, మణికట్టు ఎక్కడ కుంగుతోందో, వేలి చివరి కణుపు ఎక్కడ లోపలికి విరుగుతోందో బయటపడుతుంది. నెలకొకసారి మంచి గురువుకు అదే వీడియో చూపించి అభిప్రాయం అడగగలిగితే ఇంకా మేలు.

ఇంకో విచిత్రమైన చికిత్స ఉంది. నైట్ డన్‌లప్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తకు టైపు చేసేటప్పుడు ఒక చిన్న ఇంగ్లీషు పదంలో అక్షరాలు ముందువెనకలుగా పడే అలవాటుండేది. విసుగెత్తి ఆయన ఆ తప్పు పదాన్నే, ఇది తప్పు అని మనసులో అనుకుంటూ, కావాలని పదేపదే టైపు చేశాడు. అలవాటు వదిలింది. 1928లో దాన్ని ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. మనకు తెలియకుండా జరిగే పనిని తెలిసి చేస్తే అది మన అదుపులోకి వస్తుందన్నది అందులోని సారం. పియానో మీద దీన్ని పొదుపుగా వాడాలి. భుజాన్ని కావాలని ఎత్తి ఒక వాక్యం వాయించి, వెంటనే దించి అదే వాక్యం వాయిస్తే, ఆ రెంటి తేడా ఒంటికి తెలుస్తుంది. ఆ తేడా తెలియని చెయ్యి ఎంత బతిమాలినా మారదు.

సాధన ముగించి నిద్రపోయాక కూడా పని జరుగుతుంది. 2002లో మాథ్యూ వాకర్ బృందం వేళ్లతో ఒక వరసను నొక్కించి చూస్తే, రాత్రి నిద్ర తరువాత వేగం సుమారు 20 శాతం పెరిగింది. ఆ లాభంలో కొంత కేవలం అలసట తీరడం వల్లనేనని తరువాతి పరిశోధకులు వాదించారు. ఏమైనా ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలన్నది మాత్రం నిలబడే మాట.

కొత్త వేళ్లు కాస్త కుదిరాక దృష్టిని వేళ్ల మీద నుంచి తప్పించాలి. డ్యూక్ బృందమే 2011లో ఈ సంగతి పరీక్షించింది. వేళ్ల మీద మనసు పెట్టినప్పటి కన్నా, వచ్చే నాదం మీద పెట్టినప్పుడు స్వరాలు సమంగా పలికాయి. పాత అలవాటును గుర్తించడానికి వేళ్లను చూడాలి, కొత్తది నిలవడానికి చెవి పెట్టి వినాలి.

ఇంత చేశాక కూడా పెళ్లింట్లోనో, స్నేహితుల మధ్యనో 'ఆ పాట వాయించు' అని అడిగితే పాత వేళ్లు ఠక్కున తిరిగొస్తాయి. ఎంఐటీ ఎలుకల లాగానే. నలుగురు చూస్తున్నప్పుడు మెదడు ఎక్కువ కాలం నమ్మిన దారినే ఎంచుకుంటుంది. దానికి కుంగిపోనవసరం లేదు. కొన్ని నెలలు ఆ పాటను జనంలో వాయించకుండా పక్కన పెట్టి, కొత్త పద్ధతిలోనే మొదటి నుంచి నేర్చుకున్న వేరే పాట వాయించాలి. పాత పాటను ఆఖర్న, మరో శ్రుతిలో, సగం వేగంతో మళ్లీ అందుకోవాలి.

అన్ని అలవాట్లనూ మార్చాలనుకోవడం కూడా పొరపాటే. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ తండ్రి చేసి ఇచ్చిన పొట్టి కుర్చీలో, ముఖం మీటలకు ఆనేంత కింద కూర్చుని చివరిదాకా వాయించాడు. మరో పియానిస్టు హోరొవిట్జ్ వేళ్లు చాపి వాయించేవాడు, చిటికెనవేలు ముడుచుకుని ఉండేది. జాజ్‌లో ఎరల్ గార్నర్ సొంతంగా నేర్చుకున్నవాడు, నోటేషన్ చదవడం ఎన్నడూ నేర్చుకోలేదు. అతని కుడిచెయ్యి ఎడమచేతి తాళం కంటే ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా నడిచేది. గురువు చేతిలో పడితే ఆ ఆలస్యాన్ని మెట్రొనోమ్ పెట్టి సరిదిద్దేవాడేమో. వీడియోలో వింతగా కనిపించే ప్రతిదాన్నీ పట్టుకోకుండా, ముందు కళ్లు మూసుకుని ఆ రికార్డింగు వినాలి. నాదం తెగని చోట, వేగం ఆగని చోట, చెయ్యి నొప్పి పెట్టని చోట ఆ వింతను అలాగే ఉండనివ్వవచ్చు.